యువత భాగస్వామ్యం అంటే బ్యానర్ పట్టుకుని నిలబడటమేనా? (ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు చెప్పండి)

#1 వంశధార_పిల్ల

మా బ్లాకులో మొన్న కిశోర ఆరోగ్య దినం జరిగింది. ఏ బ్లాకో చెప్పను, చెబితే రేపు మా ఆశా దిదికి ఫోన్ వస్తుంది. నేను సాథియాని. తెలియనివాళ్లకి చెప్తున్నా: 2014 జనవరిలో కేంద్రం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం అని మొదలుపెట్టింది. అందులో ఊళ్లో వెయ్యి మంది జనాభాకి ఇద్దరు ఆడపిల్లల్ని, ఇద్దరు మగపిల్లల్ని ఎంచుకుని తోటివాళ్లకి నెలసరి, పోషకాహారం, గర్భనిరోధం, మత్తు, హింస లాంటివాటి గురించి చెప్పమంటారు. జీతం ఏమీ ఉండదు.

వెళ్తే బ్యానర్ చేతికిచ్చారు. పట్టుకున్నాం. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ఒడియాలో మాట్లాడారు. మా వీధి పిల్లలకి బడిలో ఒడియా వస్తుంది కాబట్టి నడిచిపోయింది. కొండ మీంచి వచ్చిన సవర పిల్లలు మాత్రం సమోసాలు ఎప్పుడిస్తారా అని చూస్తూ కూర్చున్నారు.

చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను లేచి, శ్రద్ధా క్లినిక్ (ఆసుపత్రిలో మా వయసు పిల్లలకి సలహాలిచ్చే చోటు) గది ఓపీ చీటీ ఇచ్చే కిటికీ పక్కనే ఉంది, అక్కడ కూర్చుంటే ఊరంతా చూస్తారు, పైగా మా కాలేజీ వదిలేసరికి తాళం పడిపోతుంది, ఇది మార్చాలంటే ఎవర్ని అడగాలి అన్నాను. "చాలా మంచి ప్రశ్న, చప్పట్లు కొట్టండి" అన్నారు. కొట్టారు. భోజనాలకి లేచారు.

మీ వైపు కూడా ఇంతేనా? మా వయసు వాళ్ల మాట ఎక్కడైనా ఎక్కిందా? ఎక్కితే ఎలా ఎక్కిందో చెప్పండి.

#2 బరంపురం_బాబాయ్

సమోసా ఇచ్చారా లేదా? అసలు విషయం చెప్పకుండా వదిలేశావ్.

#3 వంశధార_పిల్ల

ఇచ్చారు బాబాయ్. చల్లారిపోయింది.

#4 జయపురం_అమ్మ

ఇద్దరు ఆడపిల్లల తల్లిని. నెలసరి, రక్తహీనత, ప్యాడ్లు, ఇవి చెప్తే సంతోషం. మా చిన్నది బడిలో వారం వారం నీలం ఐరన్ మాత్ర వేసుకుంటుంది, ఖుషీ పథకం ప్యాడ్లు వస్తాయి. కానీ గర్భనిరోధం, హక్కులు అంటూ పదిహేనేళ్ల పిల్లలకి చెప్పడం ఎందుకు? చదువుకునే వయసులో లేనిపోని ఆలోచనలు పుట్టించడం తప్ప. గది తాళం వేసి ఉంటే మంచిదేగా, అంత అవసరమైతే తల్లిని తీసుకుని పగలు వెళ్లొచ్చు.

#5 రాయగడ_మెడికల్

జయపురం అమ్మగారూ, నాది మందుల షాపు. తల్లిని తీసుకుని రాలేనివాళ్లు నా దగ్గరికే వస్తారు. అమ్మాయిలు రారు. అబ్బాయి వస్తాడు, షాపులో ఎవరూ లేనిదాకా ఎదురుగా బడ్డీ దగ్గర నిలబడి, అప్పుడొచ్చి "అన్నా, ఆ మాత్ర" అంటాడు. ఏ మాత్రో వాడికే తెలీదు.

72 గంటల మాత్ర వేరు, కడుపు తీసే మాత్రలు వేరు. మొదటిది కలిసిన తర్వాత వీలైనంత తొందరగా, మూడు రోజుల్లోపు వేసుకుంటే గర్భం రాకుండా ఆపుతుంది. అప్పటికే వచ్చిన గర్భాన్ని ఏమీ చెయ్యదు. రెండోవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, చట్ట ప్రకారం తొమ్మిది వారాల లోపే వాడాలి, అదీ డాక్టరు చూసుకుంటూ. నెల తప్పి రెండు నెలలైన పిల్లకి 72 గంటల మాత్ర కొనుక్కెళ్లి వేసేసి, పనైపోయింది అనుకునేవాళ్లని చూశాను. ఇంకో వారం రెండు వారాలు పోతాయి. ఆ తర్వాత వాళ్లు ఎక్కడికెళ్తారో మనం ఊహించుకోవచ్చు.

ఆలోచనలు ఎవరూ పుట్టించక్కర్లేదండి. అవి వాటంతటవే పుడతాయి.

#6 ధర్మరక్షక్99

ఇదంతా విదేశీ నిధులతో నడిచే ఎన్జీవోల గోల. మన సంస్కృతిలో ఇలాంటివి బజార్లో మాట్లాడుకునే అలవాటు లేదు.

#7 బరంపురం_బాబాయ్

#6, నిజమే. మన సంస్కృతిలో పిల్ల పెద్దమనిషి అయితే నడివీధిలో షామియానా వేసి, పిల్ల ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి, మైకులో పాటలు పెట్టి, ఊరందరికీ భోజనాలు పెడతాం. ఎవరికీ తెలియకుండా.

#8 రాయగడ_మెడికల్

😂😂 ఫ్లెక్సీ కింద వార్డు మెంబరు ఫొటో కూడా.

#9 జయపురం_అమ్మ

మేమూ చేశాం ఫంక్షన్. ఫ్లెక్సీ మాత్రం కట్టలేదు, మా పెద్దది ఒప్పుకోలేదు. వెక్కిరింపులు మాని నా ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పండి.

#10 పర్లాకిమిడి_మాస్టారు

నేను చెప్తానమ్మా. జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి చాలామంది "ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాళ్లు. పరీక్షలో ప్రశ్న వస్తుంది కనుక పిల్లలు చదువుకునేవాళ్లే, బట్టీ పట్టి. 2005లో కౌమార విద్యా కార్యక్రమం అని దేశమంతా పెట్టాలనుకుంటే 2007 వచ్చేసరికి చాలా రాష్ట్రాలు మాకొద్దన్నాయి. కారణం మీరు చెప్పిందే, లేనిపోని ఆలోచనలు. వద్దన్న చోట ఆలోచనలు రావడం ఆగిందేమీ లేదు.

విదేశీ గోల అన్న పెద్దమనిషికి కూడా ఒక మాట. 1994లో కైరోలో జనాభా మీద పెద్ద సదస్సు జరిగింది, 179 దేశాలు కూర్చున్నాయి, మన దేశం కూడా. అంతకు ముందు కుటుంబ నియంత్రణ అంటే ఎన్ని ఆపరేషన్లు చేశారు అన్న లెక్కే. ఆ సదస్సు తర్వాతే మనిషి ఆరోగ్యం, మనిషి ఇష్టం అన్న మాట ముందుకొచ్చింది, చిన్నవయసు వాళ్ల పేరు కూడా అందులోకి ఎక్కింది. ఆపరేషన్ టార్గెట్ల కాలం చూసినవాణ్ణి నేను. మా తోటి టీచర్లకి కూడా మనుషుల్ని తెమ్మని కోటా వేసేవాళ్లు. దాన్ని మన సంస్కృతి అందామా?

#11 ఆశా_దిది_గజపతి

ఈ పిల్ల అడిగిందానికి నాను సెప్తాను. ఆశాగా పనిచేస్తన్నాను, మాది గజపతి జిల్లా. అందరూ ఆశాలని అంటారు గానీ మా బాధ ఏటో ఎవులికీ తెలీదు.

మా పక్కూళ్లో ఒక గుంట. పదిహేడేళ్లకే పెళ్లి సేసేసినారు. ఒడిశాలో సేస్తే అంగన్‌వాడీ దిది సెప్పేస్తాదని బోర్డరు దాటించి, అటు శ్రీకాకుళం వైపు చుట్టాలింటికాడ తాళి కట్టించినారు. నెల తప్పింది. మమతా దివస్‌కి, అదే ఊళ్లో కడుపుతో ఉన్నోళ్లని సూసే రోజుకి, తీసుకొచ్చి పేరు రాయించాలి కదా, అదే నా పని. ఆధార్ చూస్తే వయసు తెలిసిపోద్ది. ఆసుపత్రిలో పద్దెనిమిది లోపు కడుపంటే పోలీసులకి సెప్పాలి, పోక్సో. ఇది తెలిసి అత్తగారు పిల్లని మళ్లీ అవతలకి పంపించేసినాది. టీటీ ఇంజెక్షన్ నేదు, ఐరన్ మాత్ర నేదు, బీపీ సూసినోళ్లు నేరు. కాళ్లు వాచిపోయి నెలలు నిండే వేళకి వచ్చినాది. 108కి ఫోన్ సేసి నేనే ఎక్కించాను. తల్లీ బిడ్డా బతికినారు, అదృష్టం.

ఇప్పుడు సెప్పండి. నాను రిపోర్టు ఇస్తే పిల్ల ఆసుపత్రికి రాదు. ఇవ్వకపోతే నా ఉద్యోగం పోద్ది. మీటింగులో బ్యానర్ మీద రెండూ రాస్తారు, "బాల్యవివాహం నేరం", "ప్రతి గర్భిణీ నమోదు". ఒక దాని కింద ఒకటి.

#12 వంశధార_పిల్ల

దిదీ, ఇదే. మీటింగులో ఈ మాట ఒక్కరూ అనరు. మా ఫ్రెండు విషయంలో కూడా సగం ఇలాంటిదే, అది నేను ఇక్కడ రాయలేను.

#13 మోడరేటర్

ఎవరి పేర్లూ, ఊళ్లూ, ఆసుపత్రుల పేర్లూ రాయకండి. #11 ఇప్పటికి ఉంచుతున్నాం. ఇంకా వివరాలు అడగొద్దు.

#14 లా_ఆఖరేడు

బరంపురంలో లా చదువుతున్నాను. దిది అడిగిన ముడి నిజమైనదే, దాన్ని నేను విప్పేస్తానని కాదు, చట్టం ఎంతవరకు ఉందో చెప్తాను.

పోక్సో 2012 ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ల ఇష్టం అన్నది లెక్కలోకే రాదు. 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, డాక్టరైనా సరే. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది, భార్య అయినా సరే పద్దెనిమిది లోపైతే అది రేప్ కిందికే వస్తుందని. అందుకే పెళ్లయిన పిల్లల గర్భం కూడా పోలీసు దాకా వెళ్తుంది.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి తెలీదు. పెళ్లి కాని ఆడవాళ్లకి కూడా పెళ్లయినవాళ్లతో సమానంగా 24 వారాల దాకా గర్భస్రావం హక్కు వర్తిస్తుందని అందులోనే చెప్పారు (20 దాటాక ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, కొన్ని పరిస్థితుల్లోనే). అదే తీర్పులో, మైనర్ పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోక్సో సమాచారం ఇచ్చేటప్పుడు పిల్ల పేరు, గుర్తింపు చెప్పనక్కర్లేదు అన్నారు. అంటే సమాచారం వెళ్తుంది, పేరు వెళ్లదు. కానీ ఇది గర్భస్రావం విషయంలో. బిడ్డని కనాలనుకునే పిల్లకి ఇంత స్పష్టంగా లేదు. దిది చెప్పిన కేసు సరిగ్గా ఆ సందులో పడింది.

గర్భస్రావం చేయించుకున్న ఆడమనిషి పేరు బయటపెడితే డాక్టరుకైనా ఏడాది దాకా జైలు, ఇది 2021 సవరణలో వచ్చింది. మైనర్ అయితే సంరక్షకుల రాతపూర్వక ఒప్పుదల కావాలి.

బోర్డరు దాటితే చట్టం మారదు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం అక్కడా ఇక్కడా ఒకటే, పిల్లల హెల్ప్‌లైన్ 1098 రెండువైపులా పలుకుతుంది.

#15 ధర్మరక్షక్99

పోక్సో ఉండటం మంచిదేగా. లేకపోతే లేచిపోయే పెళ్లిళ్లు ఆగుతాయా?

#16 లా_ఆఖరేడు

పిల్లల మీద అఘాయిత్యాలకి ఆ చట్టం కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ పదిహేడేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఇష్టపడి వెళ్లిపోతే కేసు పెట్టేది ఎక్కువగా అమ్మాయి తండ్రే, అదీ కులం వేరైనప్పుడు. బలవంతపు పెళ్లి చేసిన తండ్రి మీద అదే ఊళ్లో కేసు పడటం నేను చూడలేదు. చట్టాన్ని ఎవరు ఎవరి మీద వాడుతున్నారో కూడా చూడాలి కదా.

#17 బరంపురం_బాబాయ్

మా గంజాం జిల్లాని 2022 జనవరిలో బాల్యవివాహ రహిత జిల్లా అని ప్రకటించారు, ఒడిశాలో మొదటిది మాదే. నిర్భయ కఢి అని ఆడపిల్లలతో కార్యక్రమం నడిపారు, పెళ్లికి ఆధార్ చూడమన్నారు. ఇంత ప్రకటించాక కూడా బోర్డరు దాటించే పెళ్లిళ్లున్నాయంటే అవి ఏ జిల్లా ఖాతాలో రాస్తారో మరి.

#18 పర్లాకిమిడి_మాస్టారు

ఖాతా ఉంది బాబూ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 23.3, ఒడిశాలో 20.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. మనం ఒడిశా వెనకబడిందని, అవతల అంతా బాగుందని అనుకుంటాం. మన చుట్టాలే అటు వైపు అంకె పెంచుతున్నారు.

#19 జయపురం_అమ్మ

ఇది నిజమా? ఆంధ్రాలో ఎక్కువా?

#20 పర్లాకిమిడి_మాస్టారు

సర్వే పుస్తకంలో ఉన్నదే చెప్పానమ్మా.

#21 సూరత్_రిటర్న్

అందరూ ఆడపిల్లల గురించే మాట్లాడుతున్నారు. మగపిల్లలు మీటింగుకి రారు అని ప్రతిసారీ రాస్తారట రిపోర్టులో. ఎలా వస్తాం? గంజాం కుర్రాళ్లు సగం మంది సూరత్‌లో మగ్గాల దగ్గర ఉంటారు. నేనూ పదో తరగతి అవగానే వెళ్లాను. పన్నెండు గంటల షిఫ్టు, మెస్సులో ఒకడు లేచిన పరుపు మీద ఇంకొకడు పడుకోవడం. నిరోధ్ అన్నది నాకు మెస్సులో సీనియర్లు వెక్కిరిస్తూ చెప్పిందే తప్ప బడిలో, ఆసుపత్రిలో ఎవడూ చెప్పలేదు.

మా గదిలో ఒకడు అస్తమానం జ్వరం అని ఊరొచ్చేశాడు. టెస్టు చేస్తే హెచ్‌ఐవీ పాజిటివ్. వాడి పెళ్లి అప్పటికే కుదిరింది. వాడే వద్దన్నాడు, కారణం ఇంట్లో చెప్పలేదు, అందరూ వాడిని తిట్టారు. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, బాగానే ఉన్నాడు. వాడిని చూశాకే నేను కూడా ఐసీటీసీకి, అదే సర్కారీ హెచ్‌ఐవీ టెస్టు సెంటరుకి, వెళ్లి టెస్టు చేయించుకున్నా. డబ్బులు తీసుకోరు, ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, ఇంట్లో చెప్పరు. 1097కి ఫోన్ చేస్తే కూడా చెప్తారు. ఇంత సులువని తెలిస్తే ముందే వెళ్లేవాడిని.

మీటింగు పెట్టాలంటే మేం ఊళ్లో ఉన్నప్పుడు పెట్టండి. సంక్రాంతికి వస్తాం, దసరాకి వస్తాం, బరంపురం ఠకురాణి యాత్ర ఉన్న ఏడాది అందరం వస్తాం. పగలు పదకొండింటికి అంగన్‌వాడీలో పెడితే ముసలాళ్లే వస్తారు.

#22 ఆశా_దిది_గజపతి

బాబూ నువ్వు సెప్పింది బాగుంది. కానీ పండగ పూట మీటింగు అంటే మాకు కూడా ఇళ్లున్నాయి.

#23 సూరత్_రిటర్న్

మీరు రావక్కర్లేదు దిదీ. మాట్లాడటం మాకే నేర్పండి, మేం పెట్టుకుంటాం. మగపిల్లల సాథియాలు మా ఊళ్లో కాగితం మీద ఉన్నారు, వాళ్లలో ఒకడు నాతోనే సూరత్‌లో ఉండేవాడు.

#24 బరంపురం_బాబాయ్

సాథియా గారు సూరత్‌లో ఉండి గంజాం పిల్లలకి సేవ చేస్తున్నారన్నమాట. వర్క్ ఫ్రమ్ హోమ్ కన్నా ముందే కనిపెట్టాం.

#25 సిరొంచ_పోరడు

మీది ఒడిశా ముచ్చట, నేను మధ్యల దూరుతున్న. మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ. గోదారి దాటితే తెలంగాణ. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, అడవి ఊర్లకు పోతే మాడియా. మీ సవర పిల్లల ముచ్చట సదివినంక మా దగ్గర గట్లనే ఉంటది అనిపించింది.

మా జిల్లాల రాణీ బంగ్ అని డాక్టరమ్మ ఉన్నది. 1980లల్ల రెండు ఊర్ల ఆడోళ్లను పరీక్ష చేసిన్రు, 650 మందిని. 1989ల లాన్సెట్ పత్రికల అచ్చయింది. నూటికి 92 మందికి ఏదో ఒక ఆడజబ్బు ఉన్నది. అంతకు ముందు పరీక్ష చేయించుకున్నోళ్లు నూటికి 8 మందే. జబ్బు ఉన్నదని వాళ్లకు తెలుసు, చెప్పుకునే జాగ లేకుండె. ఆ సంస్థ, సర్చ్ అంటరు, తర్వాత పోరగాళ్ల కోసం 'తారుణ్యభాన్' అని శిబిరం పెట్టింది. నేను కాలేజీల ఉన్నప్పుడు పోయిన. పోరలు, పోరగాళ్లు ఒక్క హాలుల కూసోని, చిట్టీల మీద ప్రశ్నలు రాసి డబ్బాల ఏస్తరు, పేరు రాయద్దు. ఏ చిట్టీని పక్కకు పెట్టరు. నేను రాసింది కూడ సదివిన్రు, చెవులు ఎర్రగైనయి గని జవాబు దొరికింది.

మహారాష్ట్రలనే 2007ల బడుల్ల లైంగిక విద్య బంద్ వెట్టిన్రు, ఆ లెక్కన మా జిల్లా ఎనకబడ్డదా ముందున్నదా మీరే చెప్పుండ్రి.

#26 వంశధార_పిల్ల

చిట్టీల డబ్బా! పేరు లేకుండా. ఇది నేను రేపే చెయ్యగలను.

సిరొంచ అన్నా, మాడియా పిల్లలు చిట్టీ ఏ భాషలో రాస్తారు?

#27 సిరొంచ_పోరడు

రాయరానోళ్లు దోస్తుకు చెప్తరు, వాడు మరాఠీల రాస్తడు. నడుస్తది గని గుట్టు ఉండది. ఒక్క ముచ్చట మర్చిన. మాడియా ఊర్లల్ల నెలసరప్పుడు ఆడోళ్లు ఊరి బయట కుర్మాఘర్ల ఉంటరు. బయటోళ్లు వచ్చి కూలగొట్టుండ్రి అంటే ఊరు ఒప్పుకోలే. ఆ గుడిసెకు తలుపు, కరెంటు, సండాస్ కావాలె అన్న ఆడోళ్లు కూడ ఉన్నరు. పట్నమోళ్లకు ఆ మాట నచ్చలే. నాకు కూడ మొదట నచ్చలే. గని అండ్ల పండుకునేది నేను కాదు కద.

#28 జయపురం_అమ్మ

మా అమ్మమ్మ ఇంట్లో కూడా వెనక గది ఉండేది. మూడు రోజులు. దీపం ఉండేది కాదు.

సరే, #5 వారు చెప్పిన మాత్ర విషయం మా పెద్దదానికి తెలుసా అని ఇందాక అడిగాను. తెలుసు. నాకే తెలీదు. అయినా పదిహేనేళ్లకి చెప్పాలా అన్నదానికి నేనింకా ఒప్పుకోలేదు.

#29 రాయగడ_మెడికల్

ఒప్పుకోకండి, పర్లేదు. మీ పెద్దమ్మాయి ఎక్కడ తెలుసుకుందో మాత్రం అడగండి.

#30 కొత్త_ఐడీ

ఇక్కడ అడగొచ్చో లేదో. నేను అబ్బాయిని, నాకు అబ్బాయిలంటేనే ఇష్టం. శ్రద్ధా క్లినిక్‌లో ఇలాంటివి చెప్తే ఇంటికి ఫోన్ చేస్తారా? లేక పెళ్లి చేస్తే సరిపోతుంది అంటారా?

#31 లా_ఆఖరేడు

అడగొచ్చు. 2018 సెప్టెంబరు 6 నుంచి పెద్దవాళ్ల మధ్య ఇష్టంతో జరిగేది నేరం కాదు. "మార్చేస్తాం" అని వైద్యం చేసే డాక్టరుది వృత్తి తప్పిదం అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కౌన్సెలరు గుట్టు కాపాడాలి, అది ఆవిడ ఇష్టం కాదు, బాధ్యత. మనుషుల సంగతి మాత్రం చెప్పలేను, ముందు పేరు చెప్పకుండా మాట్లాడి చూడు. మనసు బాగోకపోతే 14416 టెలీ మానస్, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో కూడా మాట్లాడతారు.

#32 సూరత్_రిటర్న్

తమ్ముడూ, మెస్సులో మాతో ఒకడు ఉండేవాడు నీలాగే. మాకందరికీ తెలుసు, ఎవరం ఏమీ అనలేదు. వంట బాగా చేసేవాడు, అందుకేనేమో 🙂

#33 ధర్మరక్షక్99

ఇక ఈ చర్చ ఎటు పోతోందో కనిపిస్తోంది. నేను వెళ్తున్నా.

#34 బరంపురం_బాబాయ్

సమోసా తినేసి వెళ్లు.

#35 ఆశా_దిది_గజపతి

అమ్మా వంశధార పిల్లా, నువ్వడిగిన గది సంగతి. పెద్దోళ్లు సెప్పరు గాని నాకు తెలిసింది సెప్తాను. బ్లాకు ఆసుపత్రిలో గది ఎక్కడుండాలి, ఎప్పుడు తీయాలి, అది రోగి కల్యాణ్ సమితి అనే ఆసుపత్రి కమిటీ సేతిలో ఉంటాది. మీ ఊరి సంగతయితే గావ్ కల్యాణ్ సమితి. దానికి వార్డు మెంబరు అధ్యక్షుడు, అంగన్‌వాడీ దిది కన్వీనరు, నేనూ ఉంటాను. ఏడాదికి 10,000 రూపాయల నిధి. మా ఊళ్లో ఆ డబ్బులు బ్లీచింగుకి, కాలవ తవ్వడానికి, ఎవులికన్నా అర్జంటుగా బండి కట్టడానికి అయిపోతాయి. పిల్లల కోసం ఇంత అని ఎవులూ అడగలేదు. అడిగితే రాయాలి. అడగడానికి ఒక్క పిల్ల కూడా రాదు.

#36 వంశధార_పిల్ల

దిదీ, సమితి మీటింగు ఎప్పుడో మాకు ఎవరైనా చెప్పారా? ఇలాంటి సమితి ఉందని సాథియా ట్రైనింగులో కూడా చెప్పలేదు. చేతులు ఎలా కడుక్కోవాలో మాత్రం మళ్లీ మళ్లీ చెప్పారు.

#37 ఆశా_దిది_గజపతి

ఇప్పుడు సెప్పినాను కదా.

#38 లా_ఆఖరేడు

పల్లీసభ కూడా ఉంది. ఒడిశా పంచాయతీ చట్టంలో ఏటా ఫిబ్రవరిలో పల్లీసభ జరగాలి, వచ్చే ఏడాది పనులు అక్కడే ఎక్కుతాయి. సభ్యులంటే ఓటరు లిస్టులో ఉన్నవాళ్లు. వంశధార పిల్లకి ఓటు ఉంటే లేచి మాట్లాడొచ్చు, ఆ మాట రిజిస్టరులో రాయమని పట్టుబట్టొచ్చు. రాయకపోతే చప్పట్లతో సరిపెట్టేస్తారు.

#39 వంశధార_పిల్ల

నాకు ఓటుంది. నా సాథియా గ్రూపులో మిగతా ముగ్గురికీ లేదు. అసలు పదో తరగతి పిల్లలకే ఈ గది కావాలి, వాళ్లకే నోరు లేదు.

#40 పర్లాకిమిడి_మాస్టారు

అందుకే చిట్టీల డబ్బా ముందు పెట్టు. ఓటు లేనివాళ్ల ప్రశ్నలు అందులో పడతాయి, నువ్వు సభలో చదువు. బడి మానేసిన పిల్లల్ని వదలకు. ఖుషీ ప్యాడ్లు ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా బడికి వచ్చేవాళ్లకే. మానేసి జీడితోటలో పనికి పోయే పిల్లకి ఏమీ రాదు, ఆ పిల్లే ముందు పెళ్లి పీటల మీద కూర్చుంటుంది.

#41 వంశధార_పిల్ల

రాసి చూశాను. రెండు కాగితాలు.

ఒకటి రోగి కల్యాణ్ సమితికి: శ్రద్ధా క్లినిక్ గది ఓపీ కిటికీ నుంచి వెనక వరండాకి మార్చండి; వారంలో రెండు రోజులైనా సాయంత్రం ఐదున్నర దాకా తీయండి; తెలుగు, సవర వచ్చిన మనిషి ఒకరు ఉండాలి; సమితిలో పాతికేళ్ల లోపు అమ్మాయి ఒకరు, అబ్బాయి ఒకరు కూర్చోవాలి.

రెండోది మా ఊరి గావ్ కల్యాణ్ సమితికి, పల్లీసభకి: మీటింగు తేదీ ముందే సాథియాలకి చెప్పాలి, బడి మానేసిన ఆడపిల్లలకి ప్యాడ్లకి కొంత డబ్బు పెట్టాలి, పండగలకి ఊరొచ్చే అబ్బాయిలతో ఒక రాత్రి మీటింగు.

తప్పులుంటే చెప్పండి.

#42 జయపురం_అమ్మ

"తల్లులతో కూడా ఒక మీటింగు" అని రాయి. పిల్లలు లేకుండా. మాకూ అడగాల్సినవి ఉన్నాయి.

#43 వంశధార_పిల్ల

రాశానండీ. మీకు కూడా డబ్బా పెడతాం.

#44 లా_ఆఖరేడు

"కూర్చోవాలి" అని రాస్తే, రూల్సులో లేదు అని పక్కన పడేస్తారు. "ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవాలని కోరుతున్నాం" అని రాయి, అప్పుడు కాదనడానికి కారణం వాళ్లు వెతుక్కోవాలి. కాగితం ఇచ్చాక రసీదు మీద సీలు, తేదీ వేయించుకో. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగు, ముప్పై రోజుల్లో చెప్పాలి.

#45 ఆశా_దిది_గజపతి

నా పేరు మాత్రం రాయకు తల్లీ. ఒడియాలో కూడా ఒక కాపీ పెట్టు, లేపోతే క్లర్కు అర్థం కాలేదని తిప్పి పంపేస్తాడు.

#46 బరంపురం_బాబాయ్

ఒడియా నేను రాసిస్తా. నలభై ఏళ్లు గుమాస్తాగిరీ చేసింది ఎందుకు? సవర మాత్రం నా వల్ల కాదు.

#47 వంశధార_పిల్ల

సవరకి మా క్లాస్‌మేట్ ఉంది, గుమ్మా వైపు పిల్ల. కానీ కాగితం కాదు, వాయిస్ రికార్డు చేస్తానంటోంది, వాళ్ల ఊళ్లో చదివేవాళ్లకన్నా ఫోన్‌లో వినేవాళ్లే ఎక్కువట. బాబాయ్, రాత్రికి మెసేజ్ పెడతా, "శ్రద్ధ" ముందు "మహా" ఏమీ తగిలించకండి.

#48 బరంపురం_బాబాయ్

"గౌరవనీయ" అయినా పెట్టనీ. అలవాటైపోయింది.